ఒకే ఒక చిత్రము

1997వ సంవత్సరం వర్షాకాలంలో కిరందుల్ టౌన్‌షిప్ రిక్రియేషన్ క్లబ్బు గ్రంథాలయం నుండి మేము ఒక పుస్తకం తెచ్చుకొన్నాము. బైలడిలా కొండలపై వర్షాకాలం ఎట్లుండునో అక్కడ పనిచేసిన మిత్రులకు మేము వేరుగా చెప్పనవసరం లేదు. ఆ ఆదివారం పొగమంచు దిగి, పది అడుగుల దూరంలో నిలిచిన మనిషి కూడ కనిపించని స్థితి. మూడేండ్ల మా అమ్మాయి ఇంటిలో విసిగి ఏడ్చుచుండగా మా శ్రీమతి, “ఏమండీ, బొమ్మలున్న పుస్తకం ఏదైనా తెచ్చిపెట్టండి, భాష ఏదైనా ఫరవాలేదు” అని గొడుగు చేతికిచ్చి పంపినది. గ్రంథాలయంలో అడుగు అరలో, అట్ట ఊడిపోయి, దారంతో కట్టియున్న ఆంగ్ల పుస్తకం ఒకటి దొరికినది. పుటపుటకూ ఛాయాచిత్రాలు. పదేండ్లు కూడ నిండినట్లు కనిపించని గోచీ బాలుడు ఒకడు, వానితో ఒక పులి. బాలుడు పులి మెడ చుట్టూ చేయి వేసి కూర్చుండును. పులి వాని ప్రక్కన మన ఇంటి పెంపుడు కుక్కవలె నిశ్చింతగా ఉండును.

ఏ ఆఫ్రికా దేశపు కథయో అనుకొన్నాము. (ఆఫ్రికా అడవులలో పులులు లేవన్న సంగతి ఇంజనీరింగు చదివిన వారికి గుర్తుండనక్కరలేదు కాబోలు.) పుస్తకాన్ని రిజిస్టరులో వ్రాసుకొనుచున్న గ్రంథాలయ సహాయకుడు స్థానికుడు. బొమ్మను చూచి హిందీలో అన్నాడు: “ఈ పిల్లవాడు మా బస్తరువాడే సాహెబ్. చెంద్రు. ఇప్పుడు పిల్లవాడు కాడు లెండి. నారాయణపురం దగ్గర గఢ్ బెంగాల్‌లో ఉంటాడు. సినిమాలో వేసినాడు.”

బస్తరులోని మురియా గోండు బాలుడు సినిమాలో వేసినాడనుట మాకు వింతగా తోచినది. అది ఏ సినిమా, ఎవరు తీసినది అని అడిగితే, “విదేశీ సాహెబులు తీసినారు, మేము చూడలేదు” అన్నాడాయన. ఇంటికి వచ్చి మొదటి పుటలు చదివిన పిమ్మట కొంత, తరువాతి కాలంలో మరికొంత తెలిసినది. తెలిసిన మేరకు ఇక్కడ వ్రాయుచున్నాము.

ఆ విదేశీయుని పేరు ఆర్నె సుక్స్‌డార్ఫ్. స్వీడన్ దేశస్థుడు. అడవులను, జంతువులను చిత్రీకరించుటలో ఆ రోజులలో ఆయనకు సాటివారు తక్కువ. స్టాక్‌హోం నగర జీవనంపై ఆయన తీసిన లఘుచిత్రానికి 1949లో ఆస్కారు బహుమతి లభించినది. ఆ బహుమతి పొందిన తొలి స్వీడిష్ చిత్రము అదే. 1953లో విడుదలైన ‘ది గ్రేట్ అడ్వెంచర్’ అనే చిత్రంలో ఇద్దరు స్వీడిష్ బాలురు ఒక నీటిపిల్లిని రహస్యంగా పెంచుకొందురు. ఆ బాలురలో ఒకడు దర్శకుని సొంత కుమారుడే. ఆ తరువాత ఆయన దృష్టి బస్తరుపై పడినది. నీటిపిల్లి స్థానంలో పులి వచ్చినది, సొంత కుమారుని స్థానంలో చెంద్రు వచ్చినాడు.

బస్తరు అప్పట్లో మధ్యప్రదేశ్‌లోని ఒకే ఒక జిల్లా. ఆ ఒక్క జిల్లాయే కేరళ రాష్ట్రం కంటె విశాలమైనది. మన రైలు మార్గం లేదు, గని లేదు, టౌన్‌షిప్ లేదు. కొత్తవలస నుండి కిరందుల్‌కు రైలు వేయుట, 1968లో 14వ నిక్షేపం నుండి ఖనిజం దిగుట, ఇవన్నీ ఇంకను పదేండ్ల తరువాతి మాట. అటువంటి కాలంలో సుక్స్‌డార్ఫ్ దంపతులు ఆ అడవులలో మకాం వేసి, స్థానికులనే నటులుగా చేసికొని, రంగులలో, వెడల్పాటి తెరకు తగినట్లుగా ఒక చిత్రం తీశారు. చిరుత భయంతో అల్లాడే మురియా పల్లె, విల్లంబులతో వేటగాళ్లు, వారి నడుమ అడవి ప్రాణులతో చెలిమి చేసే బాలుడు. స్వీడిష్ భాషలో ‘ఎన్ జుంగెల్‌సాగా’ అను పేరుతో 1957లో విడుదలైనది. ఆంగ్లంలో ‘ది ఫ్లూట్ అండ్ ది యారో’ అన్నారు. సంగీతం పండిత రవిశంకర్. 1958లో కాన్ చలనచిత్రోత్సవానికి వెళ్లినది. మేము తెచ్చుకొన్న పుస్తకం దర్శకుని భార్య ఆస్ట్రిడ్ బెర్గ్‌మన్ సుక్స్‌డార్ఫ్ వ్రాసి, తానే ఫోటోలు తీసినది. స్వీడిష్‌లో 1959లోను, ఆంగ్లంలో 1960లోను వచ్చినది. అందులో పులిపిల్ల పేరు తంబు.

మా అమ్మాయికి ఆ పుస్తకమే ఆ వర్షాకాలమంతా అన్నము, నీళ్లు. తంబు అనే మాట దానికి బాగా పట్టుబడినది. మా ఇంటి ముందుకు వచ్చే పిల్లికి, ప్రక్కింటివారి కుక్కకు, చివరకు ఇంటికి వచ్చిన మా మామగారికి కూడ అదే పేరు పెట్టినది.

ఆ రోజులలోనే మేము ఒక నిశ్చయానికి వచ్చాము. పుస్తకంలో ఉన్న మనిషి మనమున్న జిల్లాలోనే ఉన్నాడు గదా, ఒకసారి వెళ్లి చూచి, ఆ పుస్తకంపై ఆయన చేత వ్రేలిముద్రయో, సంతకమో వేయించుకొని రావలెనని. కిరందుల్ నుండి దంతెవాడ, గీదం, జగదల్‌పూర్, కొండగాఁవ్ మీదుగా నారాయణపురం సుమారు 250 కిలోమీటర్లు. ఒక దినం పోను, ఒక దినం రాను. గోండీ మన తెలుగుకు సోదర భాష. నీటిని వారు యేర్ అందురు, మనము ఏరు అనుచున్నాము. చేతిని కయ్ అందురు. కావున ఆయనతో రెండు ముక్కలైనా మాటాడవచ్చునని కూడ ఊహించుకొన్నాము. బస్తరు రాజవంశము వారు తమ మూలపురుషుడు ఓరుగల్లు కాకతీయుల వంశస్థుడైన అన్నమదేవుడని చెప్పుకొందురు. ఆ లెక్కన మనము అక్కడ బొత్తిగా పరాయివారము కాము అని మా మిత్రబృందంలో ఒక సరదా వాదన కూడ ఉండేది.

1997లో వెళ్లలేదు. క్రషింగ్ ప్లాంటులో వార్షిక మరమ్మతులు వచ్చినవి. 1998లో జిల్లాను మూడుగా విభజించిరి. మేము దంతెవాడ జిల్లా వారమైతిమి, చెంద్రు బస్తరు జిల్లాలోనే ఉండిపోయినాడు. దానివలన దూరం ఒక్క కిలోమీటరు కూడ పెరగలేదు గాని, వెళ్లకపోవుటకు అదియొక సాకు. ఒక ఏడు ఎల్.టి.సి. మీద కన్యాకుమారి వెళ్లాము. ఒక ఏడు కన్వేయరు బెల్టు మార్పిడి. తరువాత దారులు మంచివి కావన్నారు, అది నిజమే. 2005 తరువాత ఆ ప్రాంతాల పరిస్థితి ఎట్లున్నదో అందరికీ తెలిసినదే. కాని 1997 నుండి 2005 వరకు ఎనిమిదేండ్లున్నవి గదా. ఆ ఎనిమిదేండ్లలో రెండు దినాలు మాకు దొరకలేదని ఇప్పుడు వ్రాయుటకు చేయి రావడం లేదు.

ఈ లోపుగా 2003లో మా ఇంటిలోనే ఒక సంఘటన జరిగినది. అదియే ఈ వ్యాసం వ్రాయించుచున్నదని చెప్పవచ్చును.

అమ్మాయికి అప్పటికి తొమ్మిదేండ్లు. సెలవులకు హైదరాబాదు వెళ్లియుండగా, దూరపు బంధువు ఒకాయన ఒక టెలివిజన్ ధారావాహికలో బాలపాత్రకు పిల్లలను చూచుచున్నారని, అమ్మాయి కనుముక్కు తీరు బాగున్నదని, ఒకసారి పంపమని అడిగినాడు. పంపాము. అక్కడ వారికి నచ్చినది. నెలకు ఇన్ని రోజులు చిత్రీకరణ, ఇంత పారితోషికం అని చెప్పారు. ఆ మొత్తం మా అప్పటి నెల జీతంతో పోల్చదగినదే. చదువు మాటేమిటని అడుగగా, “ట్యూషను పెట్టించుకోండి” అన్నారు. పారితోషికం ఎవరి పేర ఇచ్చెదరని అడుగగా, మమ్ము వింతగా చూచి, “మీ పేర కాక ఎవరి పేరనండీ” అన్నారు. అవును, ఇంకెవరి పేర?

ఆ రాత్రి మా శ్రీమతి అడిగిన ప్రశ్న ఒక్కటే: “సీరియలు అయిపోయిన తరువాత?”

మాకు వెంటనే చెంద్రు జ్ఞప్తికి వచ్చినాడు. స్వీడన్‌లో విడుదలైన చిత్రంలో ప్రధాన పాత్రధారి. సుక్స్‌డార్ఫ్ దంపతులు ఆ దేశానికి కూడ తీసికొని వెళ్లిరి, జనం ఆ పులి బాలుని చూచుటకు ముచ్చటపడిరి. తరువాత గఢ్ బెంగాల్ తిరిగి వచ్చినాడు. మరొక చిత్రంలో నటించలేదు. వ్యవసాయం, చేపలు, అడవి. అంతే. పెండ్లాడినాడు, పిల్లలు కలిగినారు. మన ఉద్యోగులందరికీ సర్వీసు పుస్తకం ఒకటి ఉండును. చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, పదోన్నతులు, బదిలీలు, సెలవులు, అన్నీ అందులో ఎక్కును. చెంద్రు సర్వీసు పుస్తకంలో పద్దు ఒకటే. ఆ ఒక్క పద్దు ఆయనకు పదేండ్ల ప్రాయంలో వ్రాయబడినది. తరువాతి పుటలన్నీ ఖాళీ.

మేము వద్దనుకొన్నాము. బంధువుకు ఉత్తరం వ్రాశాము. అమ్మాయికి మాత్రం, “వారు వేరొకరిని తీసికొన్నారమ్మా” అని చెప్పాము. తల్లిదండ్రులు చెప్పే అబద్ధాలలో ఇది చిన్నదే అనుకొన్నాము.

బాలనటుల జీవితాలన్నీ ఒకే తీరుగా ఉండవు. మన తెలుగువారికి తెలిసిన ఉదాహరణ రోజారమణిగారు. 1967లో ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడుగా నటించి, తరువాత కథానాయిక అయి, అటు పిమ్మట ఎందరో నటీమణులకు గాత్రదానం చేసి ఆ రంగంలోనే స్థిరపడినారు. కమలహాసన్ 1960లో ‘కళత్తూర్ కన్నమ్మ’లో పసివాడుగా వచ్చి నేటికీ తెరపై ఉన్నాడు. అయితే వీరి ఇండ్లు పరిశ్రమకు దూరంగా లేవు. తలుపు తడితే తెరిచేవారున్నారు. ఆ పరిశ్రమ మాటాడే భాష వారి భాష.

చెంద్రుతో పోల్చదగినవాడు మైసూరు వైపు నుండి వెళ్లిన సాబు. మావటివాని కొడుకు. 1937లో ‘ఎలిఫెంట్ బాయ్’ చిత్రంతో ప్రపంచమంతటా పేరు వచ్చినది. చెంద్రుకు పులి అయితే సాబుకు ఏనుగు. కాని సాబు తిరిగి రాలేదు. ఇంగ్లండు, తరువాత అమెరికా, 1942లో ‘జంగిల్ బుక్’లో మౌగ్లీ, 1944లో అమెరికా పౌరసత్వం, యుద్ధంలో బాంబరు విమానపు తుపాకీ సైనికునిగా పనిచేసి పతకాలు పొందినాడు. 1963లో 39 ఏండ్ల వయస్సులో గుండెపోటుతో మరణించినాడు. చివరి వరకు ఆయనకు వచ్చినవి అడవి బాలుని వంటి వేషాలే ఎక్కువ. వెళ్లినవాని కథ అది, తిరిగి వచ్చినవాని కథ ఇది. రెంటిలో ఏది మెరుగో నిర్ణయించుటకు మాకు కొలబద్ద దొరకలేదు. 1955లో ‘పథేర్ పాంచాలి’లో అపూగా నటించిన సుబీర్ బెనర్జీ కూడ మరల తెరపైకి రాలేదు. అయితే ఆయన బెంగాలీ పిల్లవాడు, తన చిత్రాన్ని తన భాషలో తన ఊరివారే చూచినారు.

మా వృత్తి రీత్యా మాకు తోచిన ఒక మాట ఇక్కడ చెప్పెదము. గని నుండి ఒక టన్ను ఇనుప ఖనిజం క్రిందికి దిగినదంటే, దానిపై రాయల్టీ ఉన్నది. 2014 నుండి సగటు విక్రయ ధరపై 15 శాతం. 2015 చట్ట సవరణ తరువాత, ఆ రాయల్టీ మీద మరికొంత జిల్లా ఖనిజ నిధికి కట్టవలెను, అది గని ప్రభావానికి లోనైన ఊళ్ల కొరకు. ఆ నిధి ఎంత బాగా ఖర్చగుచున్నది అనునది వేరే వ్యాసం. కాని సూత్రం ఉన్నది: తీసికొనిపోయిన దానికి, తీసిన చోట ఎంతో కొంత మిగల్చవలెను. సినిమా రంగంలోను అదే మాట, రాయల్టీ, వాడుకలో ఉన్నది. పాట వ్రాసినవారికి, బాణీ కట్టినవారికి, పుస్తకం వ్రాసినవారికి. కాని ఒక బాలుని ముఖాన్ని, వాని నవ్వును, వాని పులితో గల చెలిమిని బస్తరు నుండి ఖండాంతరాలకు తీసికొనిపోయినప్పుడు దానికి లెక్క కట్టు పద్ధతి 1957లో ఎవరి వద్దను లేదు.

పద్ధతులు బొత్తిగా లేవనుట కూడ సరికాదు. చాప్లిన్ 1921లో తీసిన ‘ది కిడ్’లోని చిన్నవాడు జాకీ కూగన్ లక్షల డాలర్లు సంపాదించి, పెద్దవాడై చూచుకొంటే, తల్లి, సవతి తండ్రి కలిసి దాదాపు అంతయు ఖర్చుపెట్టి యుండిరి. అతడు కోర్టుకెక్కినాడు. దాని ఫలితంగా 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల ఆర్జనలో కొంత భాగం వారి పేర నిలువచేయవలెనని చట్టం వచ్చినది. మన దేశంలో అట్టి నియమం రావడానికి 2017 వరకు పట్టినది. బాలకార్మిక చట్టం క్రింద ఆ ఏడు సవరించిన నియమాల ప్రకారం బాలనటులను దినానికి 5 గంటలకు మించి పనిచేయించరాదు, విశ్రాంతి లేకుండ 3 గంటలకు మించరాదు. వరుసగా 27 దినాలకు మించి పని ఉండరాదు. బడి చదువు ఆగరాదు. ఆర్జనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో బాల లేక బాలిక పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయవలెను. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసికొనవలెను. నేడు టౌన్‌షిప్‌లలో పిల్లలను నృత్య పోటీల కార్యక్రమాలకు, ధారావాహికలకు పంపే తల్లిదండ్రులు మన కుటుంబాలలోను ఉన్నారు. వారు ఈ నియమాలను అడిగి తెలిసికొనుట మంచిది. 2003లో మాకు అడుగుటకు ఇవేవీ లేవు.

అయినను, సుక్స్‌డార్ఫ్‌ను దుర్మార్గునిగా నిలబెట్టుటకు మాకు మనస్సు ఒప్పదు. ఆయన డబ్బు చేసికొనిపోయినవాడు కాడు. 1960ల ఆరంభంలో బ్రెజిల్ వెళ్లి, రియోలో యువకులకు చలనచిత్ర విద్య నేర్పి, 1965లో వీధి బాలలతో కోపకబానా తీరంపై చిత్రం తీసి, ఆ దేశపు చిత్తడి అడవులలో ఏండ్ల తరబడి నివసించి, వృద్ధాప్యంలో స్వదేశం చేరి 2001లో మరణించినాడు. ఆ బ్రెజిల్ వీధి బాలలు తరువాత ఏమైనారో! దర్శకునికి అది ఎన్నో చిత్రాలలో ఒకటి. బాలునికి అది ఒకటే చిత్రము. తేడా అంతయు అక్కడనే ఉన్నదని మా అభిప్రాయం. చెంద్రు చివరి సంవత్సరాలలో ఆయనను కలిసిన విలేఖరులు, ఆ విదేశీయుడు మరల ఎప్పటికైనా వచ్చునని ఆయన ఎదురుచూచినట్లు వ్రాసినారు.

2008లో మాకు హైదరాబాదు బదిలీ అయినది. 2013 సెప్టెంబరులో ఒకనాటి ఉదయం కార్యాలయంలో పత్రిక చూచుచుండగా లోపలి పుటలో చిన్న వార్త. పక్షవాతంతో జగదల్‌పూర్ ఆసుపత్రిలో చికిత్స పొందుచు చెంద్రు మండావి 18వ తేదీన కన్నుమూసినాడు. వయస్సు 78 అని వ్రాసిన పత్రికలున్నవి. లెక్కలు కట్టు అలవాటు చొప్పున కట్టి చూచాము: అట్లయితే చిత్రీకరణ నాటికి ఇరువది ఏండ్లుండవలెను, కాని ఛాయాచిత్రంలోని వాడు ఏ విధంగా చూచినను పదేండ్ల బాలుడు. పుట్టిన తేదీ ఎక్కడా వ్రాసి పెట్టని జీవితాన్ని, గిట్టిన తేదీ నుండి వెనుకకు లెక్కించి, అదియు తప్పు లెక్కించినారన్నమాట. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అట్టపెట్టెలు విప్పి ఆ పుస్తకం తీశాము. వ్రేలిముద్రకై మేము మనస్సులో ఎంచియుంచిన చోటు, మొదటి పుటలో శీర్షిక క్రింద, తెల్లగా అట్లే ఉన్నది.

2018లో అమ్మాయితో కలిసి రాయ్‌పూర్‌లో ఒక వివాహానికి వెళ్లి, మరునాడు నవా రాయ్‌పూర్‌లోని జంగిల్ సఫారీ చూడబోయాము. అక్కడ చెంద్రు విగ్రహం ఉన్నది. పులితోనే. బ్రతికియున్నప్పుడు ఆయన ఇంటికి వెళ్లలేని మేము, పోయిన తరువాత విగ్రహం వద్దకు పోవుట జరిగినది. అమ్మాయి, “నాన్నా, తంబు!” అని చిన్నపిల్లవలె కేక వేసినది. విగ్రహం చుట్టూ పిల్లలు నిలిచి ఫోటోలు తీయించుకొనుచున్నారు. ఈ బాలుడు ఎవరని ఒక తల్లిని ఆమె కొడుకు అడిగితే, “మౌగ్లీ” అని చెప్పి ముందుకు నడిచినది. మేము కలుగజేసుకొని చెప్పవలసినదా అని ఒక క్షణం సందేహించి ఊరకున్నాము.

తిరుగు ప్రయాణంలో, ఏ తలంపు వచ్చినదో, అమ్మాయికి 2003 నాటి సంగతి చెప్పివేశాము. వారు వద్దనలేదు, మేమే వద్దన్నాము అని. చెంద్రును తలచుకొనే అట్లు చేశామని కొంత గొప్పగా కూడ చెప్పియుందుము. అమ్మాయి కోపగించుకొనలేదు. అప్పటికి ఇరువది నాలుగేండ్లది, బ్యాంకు ఉద్యోగి. చాలాసేపు కిటికీ వైపు చూచి అన్నది: “చెంద్రును ఎవరూ అడగకుండ తీసికొనిపోయినారని మీరు బాధపడుచున్నారు. నన్ను కూడ ఎవరూ అడగలేదు గదా నాన్నా. నాకు రాలేదని ఆ ఏడంతా నేను అద్దంలో ముక్కు చూచుకొని ఏడ్చేదానిని.”

ఆ మాటకు మా వద్ద సమాధానం లేకపోయినది. ఇప్పటికీ లేదు. మరల అటువంటి అవకాశమే వస్తే ఏమి చేయుదురని మిత్రులు అడుగుదురు. వద్దనియే అందుమేమో, కాని తొమ్మిదేండ్ల పిల్లను ఎదుట కూర్చుండబెట్టుకొని, ఉన్నది ఉన్నట్లు చెప్పి, దాని మాట విని, తరువాత అందుము.

ఆ చలనచిత్రాన్ని మేము పూర్తిగా చూచినది మొన్న మొన్ననే, అమ్మాయి తన కంప్యూటరులో చూపగా. మాటలు స్వీడిష్‌లో నడిచినను అర్థం కాలేదన్న బాధ కలుగలేదు. ఆ ఏరు, ఆ ఇప్పచెట్లు, ఆ ఎఱ్ఱమట్టి, ఆ నడక, అన్నీ మేము పదునేడేండ్లు చూచినవే. మేము చేరక పూర్వపు బస్తరు, గనుల పూర్వపు బస్తరు, రంగులలో అట్లే నిలిచియున్నది. అందులో బాలుడు నటించుచున్నట్లు ఎక్కడా లేదు. మా శ్రీమతి చూచినంతసేపు ఏమీ అనక, చివరకు, “ఆ రోజే వెళ్లవలసినదండీ మనము” అన్నది.

గఢ్ బెంగాల్ పేరు 2025లో మరల పత్రికలలో కనబడినది. ఆ ఊరివాడే అయిన పండీరామ్ మండావి అను మురియా కళాకారునికి పద్మశ్రీ ప్రకటించినారు. కొయ్య చెక్కుట, వెదురు పిల్లనగ్రోవి చేయుట ఆయన విద్యలు. ఆ పిల్లనగ్రోవిని నోటితో ఊదనక్కరలేదు, చేతితో పట్టుకొని గాలిలో త్రిప్పితే పలుకును. విదేశాలలోను ప్రదర్శించి వచ్చినాడు. ఒకే ఊరి నుండి ఇద్దరు మండావీలు సముద్రాలు దాటినారు. రెండవవాడు దాటించుకొనిపోయినది తన చేతి పని. తిరిగి వచ్చునప్పుడు దానిని చేతితోనే వెనుకకు తెచ్చుకొన్నాడు. చెంద్రు దాటించుకొనిపోయినది తన బాల్యము. అది తిరిగి వచ్చు వస్తువు కాదు.

చివరగా ఒక సొంత విషయం. పై పుస్తకం మా పేర 1997లో జారీ అయినది. దానిని కొన్నిసార్లు పునరుద్ధరించుకొన్నట్లు వెనుక అట్టలోని ముద్రలు చెప్పుచున్నవి. తరువాత మరచితిమి. బదిలీ సామానులో కలిసి హైదరాబాదు వచ్చినది. ఇరువది ఎనిమిదేండ్లుగా బస్తరు ఆస్తి ఒకటి మా బీరువాలో ఉండిపోయినదన్నమాట. దానికి క్రొత్తగా అట్ట కట్టించి, ఈ నెలాఖరున కిరందుల్ వెళ్లుచున్న మిత్రుని చేత క్లబ్బు గ్రంథాలయానికి పంపుచున్నాము. నాటి రిజిస్టరు దొరికినచో, దినానికి ఇన్ని పైసలని ఆనాటి జరిమానా లెక్కగట్టి తెలియజేసినయెడల చెల్లించగలవారము.